రెండో పేజీ, మొదటి కాలమ్

స్వర్ణోత్సవ సంచికకు వ్యాసం కావాలని పోయిన నెల ఎడిటరు గారు ఫోన్ చేశారు. "రెండు వేల మాటలు చాలు. పొగడ్త వద్దు. పేర్లు ఒకటికి రెండుసార్లు సరిచూసి పంపమ్మా," అని పెట్టేశారు. ఆయనకు ఎనభై నిండాయి. గొంతు మాత్రం ఏమీ సడలలేదు. పొగడొద్దంటే అభినందన వ్యాసం రాసేదెలా? అరిసెలు వండమని చెప్పి బెల్లం ముట్టుకోవద్దన్నట్టుంది. సరే, నేను జరిగింది చెబుతాను. అందులో బెల్లం పాలెంతో చదివేవాళ్లే తేల్చుకోండి.

మన వారపత్రిక తొలి సంచిక 1976లో నల నామ సంవత్సర ఉగాదికి వచ్చింది. అప్పుడు దేశంలో ఆత్యయిక పరిస్థితి, పత్రికల మీద సెన్సారు. ఉన్న పత్రికలే మాట నమిలి మింగుతున్న రోజుల్లో ముప్పై ఏళ్ల మనిషి ఉన్న ఉద్యోగం వదిలి బందరులో కొత్త పత్రిక పెడతానంటే ఇంటివాళ్లు తల పట్టుకున్నారట. ఏడాదికి 52 సంచికల చొప్పున యాభై ఏళ్లు. కరోనా కాలంలో అచ్చు ఆగిన వారాలు తీసేస్తే 2600కు కాస్త తక్కువ. ఈ ఏడు వచ్చింది పరాభవ నామ సంవత్సరం. స్వర్ణోత్సవం పోయి పోయి ఇలాంటి పేరున్న ఏట వచ్చిందేమిటని ఎవరో నొచ్చుకుంటే, "పత్రిక పెట్టినవాడికి అది కొత్తా?" అని ఎడిటరు గారు నవ్వారట.

బందరులో పత్రిక నడపడమంటే పెద్దల అరుగు మీద కూర్చుని మాట్లాడటమే. నోరు జారితే వెంటనే తెలిసిపోతుంది. కొండా వెంకటప్పయ్య, దాసు నారాయణరావు 1902లో కృష్ణాపత్రికను మొదలుపెట్టింది ఈ ఊళ్లోనే. 1907 నుంచి 1945లో కన్నుమూసేదాకా ముట్నూరి కృష్ణారావు దాన్ని తన ఊపిరిగా నడిపారు. 1919లో పట్టాభి సీతారామయ్య ఇంగ్లీషులో జన్మభూమి వారపత్రిక తెచ్చింది కూడా ఇక్కడి నుంచే. పత్రికకు మహానగరం అక్కర్లేదని తెలుగువాళ్లు ఎప్పుడో తేల్చేశారు. 1922లో నల్లగొండలో షబ్నవీసు వెంకట రామనరసింహారావు నీలగిరి పత్రిక పెట్టారు. అదే ఏడు ఓరుగల్లు వైపు ఇనుగుర్తి అనే పల్లె నుంచి ఒద్దిరాజు సోదరులు తెనుగు పత్రిక తెచ్చారు. నెల్లూరు జమీన్ రైతు జమీందారులతో తలపడి పేరు తెచ్చుకుంది. మన పత్రిక వీటి పక్కన పీట వేసుకోదు. ఆ వరసలో చివర, గుమ్మం దగ్గర నిలబడుతుంది. నిలబడి యాభై ఏళ్లయినా కాళ్లు పీకుతున్నాయని మాత్రం అనలేదు.

నేను ఆ గుమ్మం ఎక్కింది 1996 వేసవిలో. నోబుల్ కాలేజీలో డిగ్రీ రెండో ఏడు పరీక్షలు రాసి, సెలవుల్లో ఏదైనా పని నేర్చుకుందామని రాబర్ట్‌సన్‌పేటలోని ఆఫీసుకు వెళ్లాను. ఆఫీసంటే ముందు రెండు గదులు, వెనక రేకుల షెడ్డు, ఆ వెనక ఎడిటరు గారి ఇల్లు. "జీతం లేదు. కాఫీ, బస్సు ఛార్జీలు ఇస్తాం. రేపటి నుంచి రా," అన్నారు. ఇప్పటి పిల్లలు దాన్ని ఇంటర్న్‌షిప్ అంటున్నారు. అప్పుడు మేం "పేపరాఫీసుకు వెళ్లి రావడం" అనేవాళ్లం. మరునాడు పెన్ను, పుస్తకంతో వెళితే నా చేతికిచ్చింది జిగురు బ్రష్షు.

చందాదారులకు వెళ్లే ప్రతులకు రాపర్లు అంటించడం నా మొదటి పని. మైదా ఉడికించి, పురుగు పట్టకుండా కాస్త మైలుతుత్తం కలిపి జిగురు చేసేవాళ్లు. రిజిస్టరైన పత్రిక కాబట్టి ఒక్కో ప్రతికి తపాలా ఖర్చు పావలా. 2011 జూన్ 30తో పావలా బిళ్లే చెల్లకుండా పోయింది గానీ, పత్రిక మీద పావలా స్టాంపు ఆ తర్వాత కూడా అంటిస్తూనే వచ్చాం. పని హీనంగా ఉందని మొదటి వారం లోలోపల గింజుకున్నాను. రెండో వారానికి ఒక సంగతి అర్థమైంది. పత్రిక ఎవరింటికి వెళుతుందో జిగురు చేత్తోనే నేర్చుకుంటున్నాను. చిలకలపూడి రోల్డుగోల్డు పనివాళ్ల వీధికి ఎన్ని, పెడనకు ఎన్ని, అవనిగడ్డకు ఎన్ని, దుబాయిలో ఉన్న కొడుకు కోసం తల్లి కట్టే చందాలు ఎన్ని. ఎవరి కోసం రాస్తున్నామో తెలియకుండా కలం పట్టనివ్వకూడదని ఎడిటరు గారి లెక్క. ఆ మాట ఆయన పైకి చెప్పలేదు, రాపర్లు చెప్పాయి.

వెనక షెడ్డులో ట్రెడిల్ మిషను ఉండేది. అప్పటికే పత్రిక కంప్యూటరులో కంపోజై, బటర్ పేపర్ల మీద పేజీలుగా దిగి, చుట్ట చుట్టుకుని గురువారం రాత్రి విజయవాడ బస్సెక్కేది. 70 కిలోమీటర్ల అవతల ఆఫ్‌సెట్‌లో అచ్చయి శుక్రవారం సాయంత్రానికి కట్టలు కట్టలుగా దిగేది. ట్రెడిల్ మాత్రం పెళ్లి శుభలేఖలు, బిల్లు పుస్తకాలు, కరపత్రాలు కొడుతూ ఇంటి ఖర్చులు మోసేది. నిజం చెప్పాలంటే పత్రికను పోషించింది ఆ పాత మిషనే. దాని దగ్గర కంపోజిటర్ బాబాయ్ ఉండేవారు. అచ్చు అక్షరాలను తలకిందులుగా, ఎడమ నుంచి కుడికి, మనం మామూలు రాత చదివినంత చులాగ్గా చదివేవారు. "ఒత్తు బరువమ్మా, జారిపోతుంది. కింద ఉంటుందిగా, ఎవరూ చూడరు. మనం చూడాలి," అనేవారు. అప్పుడు ఆ మాట నా చెవిన పడిందే గానీ మనసున పడలేదు.

జూన్‌లో నాకు మొదటి వార్త దక్కింది. పెడనలో అచ్చు దిమ్మెలతో గుడ్డల మీద కలంకారీ అద్దిన ఒక పెద్దాయన పోయారు. ఆయన గురించి పది వాక్యాలు. వెళ్లి కనుక్కుని, రాసి, నేనే ప్రూఫు చూసి ఇచ్చాను. అచ్చయ్యాక నాలుగు ప్రతులు తీసుకెళ్లి మా అమ్మకు, ఇద్దరు స్నేహితురాళ్లకు చూపించాను. సోమవారం పొద్దున ఆఫీసు తలుపు తీసేసరికి ఆ పెద్దాయన కూతురు అరుగు మీద కూర్చుని ఉంది. ఇంటిపేరులో ఒక ఒత్తు ఎగిరిపోయిందట. ఒత్తు పోయేసరికి అది ఆ ఊళ్లోనే ఉన్న ఇంకో వంశం పేరైంది. ఆమె అరవలేదు. "మా నాన్న పేరు పేపర్లో పడింది ఇదొక్కసారేనండీ. అదీ వేరేవాళ్ల పేరై పడింది," అంది.

ఎడిటరు గారు నన్ను ఆమె ముందు ఒక్క మాట అనలేదు. ఆమెకు మంచినీళ్లిప్పించి, కాఫీ ఇప్పించి, బస్టాండు దాకా తోడు వెళ్లొచ్చారు. వచ్చాక, "ఈ వారం రెండో పేజీ మొదటి కాలమ్ నీది. సవరణ నువ్వే రాయి," అన్నారు. నేను రెండు వాక్యాలు రాసిచ్చాను. చించేశారు. "తప్పు పది వాక్యాల్లో పడింది. సవరణ రెండింటిలో ఎలా సరిపోతుంది? ఆ పది మళ్లీ రాయి, సరైన పేరుతో. పైన మనం తప్పు రాశామని రాయి. తప్పు పడ్డ అక్షరాల కన్నా సవరణ అక్షరాలు చిన్నవి కాకూడదు." శనివారం ఆ సంచికలు ఐదు పట్టుకుని పెడన బస్సెక్కించారు. కొందరు నన్నడుగుతుంటారు, జర్నలిజం ఎక్కడ చదివావని. పెడన బస్సులో, వెళ్లేటప్పుడు ముప్పావు గంట, వచ్చేటప్పుడు ముప్పావు గంట.

పేర్ల విషయంలో ఆయన పట్టుదల ఎక్కడిదో కొన్నాళ్లకు తెలిసింది. మధ్యాహ్నాలు పని లేనప్పుడు పాత సంచికల బైండు పుస్తకాలు తిరగేసేదాన్ని. 1977 నవంబరు దగ్గర చెయ్యి ఆగిపోయింది. దివిసీమ ఉప్పెన వచ్చింది ఆ నెల 19న, శనివారం. పత్రిక ముందురోజే అచ్చయి ఉంది. దాన్నిండా మామూలు వార్తలే. కాలువ నీళ్లు, వరి కోతలు, మునిసిపాలిటీ తగువు. ఆ రోజు సముద్రం వేలమందిని తీసుకుపోయింది. సొర్లగొంది లాంటి ఊళ్లలో మిగిలినవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టాల్సి వచ్చింది. తర్వాతి సంచికలో సంపాదకీయం లేదు, ప్రకటనలు లేవు. నాలుగు పేజీల నిండా పేర్లు. పోయినవాళ్లవని మొదట అనుకున్నాను. కాదు, బతికున్నవాళ్లవి. ఎవరు ఏ ఊరివాళ్లో, ఇప్పుడు ఏ బడిలో, ఏ శిబిరంలో తలదాచుకుంటున్నారో. ఎడిటరు గారు, కంపోజిటర్ బాబాయ్ చెరో సైకిలేసుకుని తిరిగి రాసుకొచ్చిన జాబితా. "ఆ కాయితం పట్టుకుని తల్లులు బిడ్డల్ని వెతుక్కున్నారమ్మా. ఒక అక్షరం తేడా వస్తే ఏమవుతుందో అప్పుడు తెలిసింది," అన్నారు బాబాయ్. నా ఒత్తు ఎంత బరువైనదో ఆ రోజు తూకం వేసుకున్నాను.

డిగ్రీ అయ్యాక 1997లో ఉద్యోగిగా చేరాను. సబ్ ఎడిటరు, విలేకరి, ప్రూఫ్ రీడరు, సర్క్యులేషను, అన్నీ నేనే. వారం ఇలా గడిచేది. సోమవారం కలెక్టరేటులో అర్జీల రోజు. జిల్లా నలుమూలల నుంచి జనం వచ్చే చోటు కాబట్టి సగం పత్రిక అక్కడే దొరికేది. మంగళవారం జిల్లా కోర్టు. బుధవారం గిలకలదిండి రేవు. చేపలు ఎండబెట్టే ఆడవాళ్లు మగ విలేకరులతో పొడిపొడిగా మాట్లాడేవాళ్లు. నన్ను మాత్రం పక్కన కూర్చోబెట్టుకుని అప్పు వడ్డీ దగ్గర నుంచి అల్లుడి తాగుడు దాకా చెప్పేవాళ్లు. అందులో ఏది రాయాలో, ఏది కడుపులో దాచుకోవాలో తేల్చుకోవడమే నాకు పెద్ద పరీక్ష. గురువారం పేజీలు. శుక్రవారం కట్టలు. శనివారం తపాలా. ఆదివారం ఎవరో ఒకరు ఇంటి మీదకు తగువుకు వచ్చేవాళ్లు.

ఆ తగువులే వారపత్రికకు ప్రాణం. 1989 తర్వాత పెద్ద దినపత్రికలు జిల్లా అనుబంధాలు మొదలుపెట్టాయి. మండలానికో విలేకరి, ఊరికో వార్త. ఇక చిన్న వారపత్రికల పని అయిపోయిందని అందరూ అన్నారు. కొన్నిటి పని నిజంగానే అయిపోయింది. మనది ఎందుకు నిలిచింది? దినపత్రిక వార్తను తిద్దే మనిషి ఎక్కడో డెస్కులో ఉంటాడు. మన పత్రికలో వార్త రాసినవాడు, వార్తకెక్కినవాడు, చదివినవాడు ముగ్గురూ కోనేరు సెంటరులో ఒకే బండి దగ్గర ఇడ్లీ తింటారు. కౌన్సిలరు మీద రాసిన మర్నాడు ఆయన పక్కనే నిలబడి చట్నీ వేయించుకోవాలి. దాక్కోవడానికి చాటు లేదు. చాటు లేనివాడు ఉన్నది ఉన్నట్టు రాయాలి, అకారణంగా ఎవరినీ నొప్పించకుండా రాయాలి. ఈ రెండూ కలిసి కుదరడం కత్తి మీద సామే. వారం వ్యవధి అందుకు సాయం. వార్త వేగంలో దినపత్రికకు మనం ఎలాగూ సాటిరాం. మిగిలింది సరిచూసుకోవడమే.

మెచ్చుకోళ్ల మధ్య కష్టాలు దాచడం ఎడిటరు గారికే నచ్చదు కాబట్టి అవీ చెబుతాను. నా జీతం ఏ నెలా ఒకేసారి రాలేదు. సంక్రాంతి, ఉగాది, ఆగస్టు పదిహేను శుభాకాంక్షల ప్రకటనల డబ్బు వస్తే గానీ కాగితం బాకీ తీరేది కాదు. ఆ ప్రకటనలిచ్చినవాళ్ల మీద వార్త రాయాల్సి వచ్చినప్పుడు ఆఫీసులో గాలి స్తంభించేది. రెండుసార్లు రాసి ప్రకటన పోగొట్టుకున్నాం. ఒకసారి రాయలేదు. ఆ ఒక్కసారి సంగతి ఎడిటరు గారు ఇప్పటికీ తనంతట తానే ఎత్తి చెప్పుకుంటారు. ఆఫీసులో ఆడవాళ్లకు మరుగుదొడ్డి లేదు. ఎడిటరు గారి భార్య నన్ను పెరటి గుమ్మంలోంచి ఇంట్లోకి తీసుకెళ్లి, "ఇది నీ ఇల్లే అనుకో," అనకపోతే నేను మొదటి నెలలోనే మానేసేదాన్ని. ఏటా ఫిబ్రవరి వెళ్లగానే వచ్చే మొదటి సంచికలో పత్రిక యాజమాన్య వివరాలతో నాలుగో నంబరు ఫారం వేయాల్సి వచ్చేది. ముద్రాపకుడు, ప్రచురణకర్త, సంపాదకుడు, యజమాని. నాలుగు చోట్లా ఒకే పేరు ఉండేది. ఆవిడ పేరు ఉండాల్సిన ఐదో గడి ఆ ఫారంలో లేదు. ఈ అభినందనలో మొదటి దండ ఆవిడకు.

2000లో పెళ్లయి హైదరాబాదు వెళ్లాను. పత్రికను వదల్లేదు, అదీ నన్ను వదల్లేదు. ఊరి నుంచి వచ్చి నగరంలో బతికేవాళ్ల గురించి నెలకో వ్యాసం రాయమన్నారు. వ్యాసానికి 150 రూపాయలు, మనీయార్డరు మీద. నా సంబరమంతా డబ్బు మీద కాదు, ఆ ఫారం అడుగున సందేశానికి వదిలే జానెడు జాగా మీద. "మూడో పేరా నీది కాదు, ఎక్కడో విన్నది. తీసేశాం." "ఈసారి బావుంది, అతి చేయకు." "అమ్మకు మోకాలి నొప్పి తగ్గిందా?" 2015లో తపాలా శాఖ ఆ పాత మనీయార్డర్లు ఆపేసినప్పుడు నేను పోగొట్టుకున్నది ఒక సంపాదకుడి చేతిరాతను. ఇప్పుడు డబ్బు ఫోనులోకి టింగుమని పడుతుంది, మాట మాత్రం ఉండదు.

బయట ఉండి రాసేవాళ్లకు మన పత్రిక నేర్పిన కిటుకు ఒకటుంది. 2005 అక్టోబరు 12న సమాచార హక్కు చట్టం అమల్లోకి రాగానే ఎడిటరు గారు మా అందరికీ దరఖాస్తు నమూనా పంపారు. పది రూపాయల రుసుము, ముప్పై రోజుల గడువు. దినపత్రికకు ముప్పై రోజులంటే యుగం. మనకు నాలుగు సంచికలు. హైదరాబాదులో కూర్చుని బందరు మురుగుకాలువ లెక్కలు అడిగి తెప్పించి, ఊళ్లో ఉన్న విలేకరి వాటిని కాలువ గట్టున సరిచూసి, ఇద్దరం కలిసి రాశాం. జవాబు రాకపోతే, జవాబు రాలేదన్నదే వార్త. అయిదో వారం కూడా అదే వార్త, ఆరో వారం కూడా. ఓపిక అంటే ఏమిటో నాకు పత్రికే నేర్పింది.

2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చి బస్సులు ఆగాక బటర్ పేపర్ల కాలం గుర్తొచ్చింది. అచ్చు లేదు, తపాలా లేదు. ఎడిటరు గారి మనవరాలు పేజీలు కట్టి పీడీఎఫ్ చేసి వాట్సాప్‌లో పంపడం మొదలుపెట్టింది. మొదటివారం మొదటి పేజీలో ఏముందో చూద్దామని తెరిచాను. వేరే ఊళ్లలో చిక్కుకుపోయిన మన ఊరివాళ్ల పేర్లు, ఏ ఊళ్లో ఎవరి దగ్గర ఉన్నారో. ఆ అమ్మాయి 1977 బైండు పుస్తకం చూసి ఆ పని చేసిందో, రక్తంలోనే ఉందో అడగలేదు. 2022 ఏప్రిల్ 4న కృష్ణా జిల్లా ముక్కలై విజయవాడ వేరే జిల్లాకు పోయాక బందరు మళ్లీ తన కాళ్ల మీద తను నిలబడే పనిలో పడింది. ఇప్పుడు ఈ ఊరికి తన సంగతులు తనకు చెప్పే పత్రిక అవసరం ఇంకా ఎక్కువ.

ఎడిటరు గారూ, పొగడ్త వద్దన్నారు, వద్దు. మీ దగ్గర రాపర్లంటించిన పిల్లలు ఇప్పుడు పెద్ద పత్రికల్లో, టీవీల్లో, బడుల్లో, బ్యాంకుల్లో ఉన్నారు. ఒకరు కోర్టులో ప్లీడరు. ఎక్కడున్నా ఎదుటి మనిషి పేరు రాసేటప్పుడు "ఎలా రాయాలండీ?" అని అడుగుతారు. అది మీ ముద్ర. బాబాయ్ లేరు. ట్రెడిల్ షెడ్డులో తుప్పు పడుతోందని విన్నాను, దయచేసి పాత ఇనుముకు వేయకండి. మీ మనవరాలికి పగ్గాలు అప్పగిస్తున్నారని తెలిసింది. మంచి పని. ఆ అమ్మాయి నూరేళ్ల సంచిక తీసినప్పుడు అభినందన రాయడానికి నేను ఉండను. అందుకే దానికి కూడా ఇప్పుడే శుభాకాంక్షలు.

ఇక చివరి సంగతి. పత్రికకు పూలదండ కన్నా చందా ముఖ్యమని మీ దగ్గరే నేర్చుకున్నాను. పోయిన వారం నా రాపరు మీద "మీ చందా గడువు ముగిసింది" అని ఎర్ర ముద్ర పడింది. ఈ వ్యాసంతో పాటు పదేళ్ల చందా పంపుతున్నాను. వ్యాసానికి పారితోషికం అందులో జమ చేసుకోండి. ఆ రాపరు మీదే ఇంకొకటి చూశాను. ఇరవై ఆరేళ్లుగా వస్తున్న చిరునామాలో, ఈసారి కంప్యూటరు మార్చారేమో, నా ఇంటిపేరులో ఒత్తు ఎగిరిపోయింది. పెద్ద విషయమేం కాదు గానీ, సవరణ మాత్రం వేయండి. ఎక్కడ వేయాలో, ఎంత పెద్ద అక్షరాల్లో వేయాలో మీకు చెప్పేదాన్ని కాను.